తాయ్ చీ: 24 భంగిమలు వచ్చేస్తే నేర్చేసుకున్నట్టేనా?

చూడ్డానికి స్లో మోషన్ డ్యాన్స్‌లా ఉంటుంది కానీ.. తాయ్ చీ అసలు యుద్ధవిద్య. చైనాలోని హెనాన్ ప్రావిన్స్ చెన్‌జియాగౌ గ్రామం దీనికి పుట్టినిల్లుగా పేరు పొందింది. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరింది.

కొత్తవాళ్లకు ముందు నేర్పేది నిలబడటం, అడుగు వేయడం. బోర్ కొడుతోందని చాలామంది దీన్ని తొందరగా దాటేస్తారు. మోకాళ్ల నొప్పులకు బీజం పడేది ఇక్కడే! వంచిన మోకాలు పాదం వేళ్ల దిశలోనే ఉండాలి, లోపలికి వాలకూడదు. పాదం కదపకుండా ఒళ్లు తిప్పితే ఆ మెలి అంతా మోకాలిపైనే పడుతుంది.

తర్వాత 24 భంగిమల వరుస. 1956లో చైనా క్రీడా కమిషన్ యాంగ్ శైలిని కుదించి దీన్ని తయారు చేయించింది. మొత్తం పూర్తి చేయడానికి ఐదారు నిమిషాలు చాలు. అయితే వరుస గుర్తుండటం ఒక ఎత్తు, నడుము తిరిగితేనే చెయ్యి కదలడం మరో ఎత్తు. ఈ రెండోదానికే ఏళ్లు పడుతుంది.

ఆపై ‘తుయ్ షౌ’. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు ఆనించి, అవతలివాళ్ల బలాన్ని పసిగట్టి పక్కకు మళ్లించాలి. ఒంటరి సాధనలో కనిపించని లోపాలు ఇక్కడ ఇట్టే బయటపడతాయి. భుజం కాస్త బిగిసినా చాలు.. బ్యాలెన్స్ తప్పుతుంది.