బొర్రా గుహలింగం: ఆవు కథలోని చరిత్ర

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో అరకు వైపు సాగితే శివలింగపురం, టైడా, చిమిడిపల్లి స్టేషన్ల తరువాత బొర్రా గుహలు వస్తాయి. అనంతగిరి కొండల్లోని ఈ సున్నపురాతి గుహలో పూజలందుకొంటున్న శివలింగం శిల్పి చెక్కినది కాదు. పైకప్పు నుంచి సున్నం కరిగిన నీరు బొట్లుబొట్లుగా జారి, నేలమీద గట్టిపడి ఏర్పడిన శిలారూపమది. సింహాచలం చరిత్రను శాసనాల నుంచి నిర్మించవచ్చు. బొర్రా విషయంలో ఆ స్థానాన్ని స్థానిక ఐతిహ్యానికి ఇవ్వవలసి ఉంటుంది.

1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనుగొన్నాడని పర్యాటక రచనలు ఒకదాన్ని చూసి మరొకటి చెబుతూ వస్తున్నాయి. ఈ వాక్యం కాలపరీక్షకు నిలవదు. ఆ సంస్థ ఏర్పడిందే 1851లో. అందులో ప్రసిద్ధుడైన విలియం కింగ్ 1887–94 మధ్య సంచాలకుడు. 1807 నాటికి ఆయన పుట్టనే లేదు. తేదీ సంగతి అటుంచి, ‘కనుగొన్నాడు’ అన్న క్రియ మరింత చర్చనీయం. ఇక్కడ మధ్య పాతరాతియుగపు రాతి పనిముట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు లభించాయి. మనుషులు ఎరిగిన గుహనే అధికారి ‘కనుగొన్నాడు’.

ఐతిహ్యం చెప్పే ఆవిష్కర్త వేరు. గుహపైన మేస్తున్న ఆవు ఒకటి కప్పులోని రంధ్రం గుండా లోపల పడింది. వెతుక్కుంటూ దిగిన కాపరికి అది ప్రాణాలతో కనిపించింది. దాని చెంత లింగాకారపు రాయి ఉంది. ఆవును కాచినవాడు శివుడేనని ఊరివారు నమ్మి, గుహ వెలుపల చిన్న గుడి కట్టారు.

గోవు దైవస్థానాన్ని చూపడం తెలుగు స్థలపురాణాలకు పరిచితమైన కథాంశమే. తిరుమల కథలోనూ ఆవు ఉంది, కాపరి ఉన్నాడు. అయితే అక్కడ ఆవు పుట్టలో పాలు కురుస్తుంది, కాపరి గొడ్డలి విసురుతాడు, గాయం స్వామికి తగులుతుంది, శాపం చోళరాజుకు చుట్టుకుంటుంది. బొర్రా కథలో గొడ్డలి లేదు, రాజు లేడు, శాపమూ లేదు. దైవాన్ని చూసినవాడు అపరాధి కాలేదు. కొండల్లో పశువులు మేపుకొనేవారు తమకోసం చెప్పుకొన్న కథకు ఈ లక్షణం సహజం.

పేర్లలోనూ రెండు పొరలు కనిపిస్తాయి. ‘బొర్రా’ను రంధ్రార్థకమైన ‘బొరియ’తో పోల్చవచ్చు. ఈ కొండల్లో పుట్టి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే నదిపేరు మాత్రం సంస్కృతం: గోస్తని. లింగంపైనున్న శిలారూపాన్ని కామధేనువుగా, దాని పొదుగును నదికి మూలంగా భావిస్తారు. పడిపోయిన మామూలు ఆవు ఈ పొరలో కామధేనువైంది. కాపరి మాత్రం పేరు లేకుండానే మిగిలిపోయాడు.

బొర్రా పరిసరాల నేల ఎవరిదన్న ప్రశ్న తరువాతి కాలంలో న్యాయస్థానానికీ చేరింది. అనంతగిరి మండలంలోని ఈ భూములను ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకివ్వడంపై ‘సమత’ సంస్థ పోరాడింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు అలాంటి లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది.