పెన్నేటి చేపయు డబ్బాలోని చేపయు



గత వేసవిలో జమ్మలమడుగు వాస్తవ్యుడైన నా చిరకాల మిత్రుడొకడు మా యింటికి వచ్చెను. మధుమేహమున్నదనియు, అన్నము, సంగటి మిక్కిలి తగ్గింపవలెననియు వైద్యుడు చెప్పెనట. "అయివారూ, సంగటి మానుకుంటే ఏం తిని బతికేది?" అని అడిగెను. నేను శాకాహారిని, అయినను చరిత్రకు నా నాలుకతో పని లేదు గదా.

పిండిపదార్థమును తగ్గించుట క్రొత్త వింత కాదు. 1797లో జాన్ రోలో అను బ్రిటిషు సైన్యవైద్యుడు మధుమేహ రోగులకు ధాన్యము తగ్గించి మాంసము హెచ్చించు పథ్యమును ప్రకటించెను. 1921లో ఇన్సులిన్ కనుగొనబడువరకు పథ్యమే ప్రధానాధారము. వండని బియ్యము నూరు గ్రాములలో ఇంచుమించు 78 గ్రాములు పిండిపదార్థమే; చేపలో అది లేదనియే చెప్పవచ్చును.

అయితే మన సీమలో చేప యెక్కడిది? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నయొడ్డున నున్నవి గాని, వాన తప్పిన యేడు పెన్న ఇసుకబయలే. పులివెందులకు ఆ భాగ్యమును లేదు. నా బాల్యమున అక్కడి సంతలో ఎండునెత్తళ్ల వాసనయే సముద్రపు వార్త.

మన ప్రాంతమునకు నీరు తెచ్చిన కర్నూలు–కడప కాలువను ఒక ఆంగ్ల కంపెనీ 1860 తరువాతి యేండ్లలో త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము కొనెను. ఆ కాలువ తలయొద్ద, తుంగభద్రపై సుంకేసులలో, 1911లో మద్రాసు మత్స్యశాఖ చేపల క్షేత్రమును నెలకొల్పెను. 1907లో ఏర్పడిన ఆ శాఖకు మూలపురుషుడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. నీటితో పైరు మాత్రమే గాక చేపయు పండునని కరవుసీమ అంచున నాడే తలచిరి! ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో నేనెన్నడును బోధింపలేదు. అది నాకు నేటికిని వెలితియే.

ఆ శాఖయే మలబారు తీరమున కవ్వచేపలను డబ్బాలలో నిలువచేయుటకును పూనుకొనెను. ఆ విద్య ఫ్రాన్సుది. నికోలా అపేర్ అను వంటవాడు ఆహారమును గాజుసీసాలలో బిగించి మరిగించి, 1810లో పన్నెండువేల ఫ్రాంకుల బహుమానము పొందెను. ఆ యేడే ఇంగ్లాండులో రేకుడబ్బాకు హక్కుపత్రము పుట్టెను. 1903లో కాలిఫోర్నియాలో కవ్వచేప దొరకక, ఖాళీడబ్బాలలో ట్యూనాను నింపిరి. మన తీరవాసులు సూర యనునది ఈ జాతియే.

నా మిత్రుని యిల్లాలు ఆ డబ్బాలోని నీరు వంచి, చేపను ఉల్లి, పచ్చిమిరప, గోంగూరలతో వేయించి, ప్రక్కన బీరకాయకూర వడ్డించినది. మైలవరము జలాశయపు బొచ్చె దొరకిననాడు పులుసు. తాజాచేప దొరకుచోట డబ్బా యెందుకని నా అభిప్రాయము; పులివెందుల పల్లెలకైతే అది అక్కరకు వచ్చును, ఉప్పెంతయో చూచుకొన్నయెడల. మాత్రలు, సూదిమందు వాడువారు వైద్యునడుగక ధాన్యము తగ్గింపరాదు. చక్కెర మితిమీరి పడిపోవచ్చును.

మిత్రుడు మాత్రము ఆదివారము పిడికెడు సంగటి విడువలేదు. వైద్యుడును సరేయనెనట.