నిమ్మకాయలో నెత్తురు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగారు. ఆటల్లో బహుమతులు, చదువులో ర్యాంకులు నాకెప్పుడూ రాలేదు. ఈ బడిలో నేను ప్రత్యేకంగా నేర్చుకున్నది గారడీ ఒక్కటే. అందుకే దాని గురించే రాస్తున్నాను.

1981లో నేను తొమ్మిదో తరగతి. మా ఊరి సంతకు ఒక గారడీ ఆయన వచ్చేవాడు. మూడు గిన్నెలు బోర్లించి, గుడ్డ ఉండల్ని మాయం చేసేవాడు. ఈ ఆట ఎంత పాతదో అప్పుడు తెలియదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో దీన్ని ప్రస్తావించాడు. ఇది ఎవరికీ హాని చేయని మోసమని, మోసపోవడంలోనే సరదా ఉందని ఆయన భావం.

అమ్మ టీ గ్లాసులు మూడు, చెల్లి గచ్చకాయలు తీసుకుని సాధన మొదలుపెట్టాను. కాయను అరచేతి మడతలో దాచడం నెలలో వచ్చింది. అయినా క్లాసులో అందరూ పట్టేసేవారు. కారణం ఆలస్యంగా తెలిసింది: కాయ దాచిన చేతినే నేను చూస్తున్నాను! గారడీ ఆయన ఖాళీ చేతిని చూసేవాడు, జనం కూడా అటే చూసేవారు.

ఆ తర్వాత సీనియర్ ఒకడు నిమ్మకాయ కిటుకు చెప్పాడు. చాకుకు ఎర్ర మందార రేకులు బాగా రుద్ది ఆరబెట్టాలి. దానితో నిమ్మకాయ కోస్తే, పులుపు తగిలి మందార రంగు ఎర్రబడుతుంది. చూసేవాళ్లకు నెత్తురు కారినట్టే ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం బడి వెనక చింతచెట్టు కింద కోసి చూపించి, గొప్ప కోసం "ఎవరికో చేతబడి జరిగింది" అన్నాను.

మర్నాడు నా పక్క బెంచీ మిత్రుడు రెండు రూపాయలు, వాళ్లమ్మ చీర ముక్క పట్టుకొచ్చాడు. ఆమెకు నెలల తరబడి దగ్గు, జ్వరం. "ఒరేయ్, మా అమ్మకు ఎవరు చేశారో చూసి చెప్పరా" అన్నాడు. నా నోట మాట రాలేదు. అబద్ధమని చెప్పడానికి సిగ్గు, డబ్బు తీసుకోవడానికి భయం.

సైన్సు మాస్టారి దగ్గరకెళ్లి ఏడ్చాను. ఆయన కొట్టలేదు. "నువ్వు కట్టిన కళ్లు నువ్వే విప్పాలిరా" అన్నారు. మిత్రుడి చేతికే చాకు, మందార పువ్వు ఇచ్చి, వాడితోనే నిమ్మకాయ కోయించాను. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే మాస్టారు వాళ్లమ్మను ఆస్పత్రికి పంపించారు. క్షయ అని తేలింది. ఏడాదికి పైగా మందులు వాడి ఆమె కోలుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత గారడీ చరిత్ర చదువుతుంటే మాస్టారే గుర్తొచ్చారు. ఇంగ్లీషులో గారడీ కిటుకులు వివరించిన తొలి పుస్తకాల్లో ఒకటి 1584లో రెజినాల్డ్ స్కాట్ రాసినది. అది వినోదం కోసం పుట్టలేదు. మంత్రగత్తెలన్న నింద వేసి ఆడవాళ్లను ఉరితీస్తున్న రోజులవి. ఆ నమ్మకం తప్పని వాదిస్తూ ఆయన ఉండలు, నాణేలు, పేకముక్కల మాయలను విప్పి చూపించాడు.

ఇదే విద్యను మరోలా వాడినవారూ ఉన్నారు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం రాబర్ట్ హుడాఁ అనే ఐంద్రజాలికుణ్ణి అల్జీరియాకు పంపింది. ఆయన బలశాలుల చేత కూడా ఒక చిన్న పెట్టెను ఎత్తనివ్వలేదు. దాని కింద దాచింది విద్యుదయస్కాంతం. తమ పాలకుల శక్తిని చూసి అక్కడి జనం బెదరాలన్నది ఉద్దేశం. 1920లలో హుడిని మాత్రం అమెరికాలో చచ్చినవాళ్లతో మాట్లాడిస్తామనేవారి గుట్టు రట్టు చేశాడు. మన దేశంలో బి. ప్రేమానంద్ ఊరూరా తిరిగి బాబాల మహిమల వెనక కిటుకులు చూపించారు. విజయవాడ నాస్తిక కేంద్రం వారు నిప్పుల మీద నడిచి చూపించేవారు.

కిటుకు ఒకటే. "ఇది ఆట" అని చెప్పి చేస్తే వినోదం, "ఇది మహిమ" అని చెప్పి చేస్తే మోసం. ఆ తేడా నాకు నేర్పింది ఈ బడే.

ఆ మాస్టారు ఇప్పుడు లేరు. మిత్రుడు మాత్రం ఉత్సవాలకు వస్తున్నాడు. ఆ రోజు పిల్లల ముందు ఇద్దరం కలిసి నిమ్మకాయ కోస్తాం. కిటుకు మాత్రం వాడే చెబుతానన్నాడు.