నది లెక్కలో చేరనిది

తన్లిన్ నుంచి మాట్లాడుతున్నాను. బగో నది యాంగోన్ నదిలో కలిసేచోట ఉంది మా ఊరు. దీని పాతపేరు సిరియం. ఇక్కడి బర్మా ఆయిల్ కంపెనీ శుద్ధి కర్మాగారంలో మనవాళ్ళెందరో కూలిపని చేశారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళను 'కోరంగీలు' అన్నారు. అంటే మనల్ని నదితోనే గుర్తుపట్టారన్నమాట.

ఈ దేశపు ఉత్తరాన ఐరావతి పుట్టే సంగమం మిత్సోన్. కచిన్ ప్రజలకది పవిత్రస్థలం. అక్కడి ఆనకట్ట పనులను 2011 సెప్టెంబరు 30న అప్పటి అధ్యక్షుడు థీన్ సీన్ నిలిపివేశారు. అప్పటికే కొన్ని ఊళ్ళను ఖాళీ చేయించారు.

మన గోదావరి మీద పోలవరం సంగతి చూడండి. ముంపులో ఉన్నది ఎక్కువగా కొండరెడ్ల, కోయల ఊళ్ళు. దేవీపట్నం దగ్గరి గండిపోశమ్మ గుడి 2022 జూలై వరదలో మునిగింది. పొలానికి ఎకరం లెక్కన పరిహారం కట్టవచ్చు. అమ్మవారి రేవుకు ఏ లెక్క కడతారు?

ఆస్ట్రేలియాలో ముర్రే నది ఆదివాసులు 2007లో ఎచూకా ప్రకటన చేశారు. తమ ఆచారాలకూ బతుకుకూ కావలసిన నీటిమీద చట్టబద్ధమైన హక్కు తమకు ఉండాలన్నారు. దానికి 'సాంస్కృతిక ప్రవాహాలు' అని పేరు పెట్టారు. 2012 నాటి ముర్రే-డార్లింగ్ ప్రణాళిక వారి విలువలను దృష్టిలో పెట్టుకోవాలంది. దృష్టిలో పెట్టుకోవడం వేరు, నీళ్ళివ్వడం వేరు.

నది పటం గీయకముందే ఒడ్డునున్నవాళ్ళను అడగాలి. గీశాక అడిగితే అది కబురు చెప్పడమే అవుతుంది.