ఎఫ్ తరగతి మీటర్ గేజి ఆవిరి ఇంజన్లు

విక్టోరియా రాణి కాలం నుంచి ఇండియా మీటర్ గేజి మార్గాల్లో ప్రధానంగా గూడ్సు బళ్లు లాగడానికి వాడిన ఆవిరి ఇంజన్ల తరగతికి ‘ఎఫ్’ అని పేరు. 1870ల నడుమ మొదలైన వీటి తయారీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సాగింది.

ఈ ఇంజను కథ గేజితోనే మొదలవుతుంది. 1,676 మి.మీ. బ్రాడ్ గేజి పట్టాలకు ఖర్చు ఎక్కువవుతోందని, 1870లో వైస్రాయ్ మేయో ప్రభుత్వం కొత్త లైన్లకు ఇరుకు గేజిని ఎంచుకుంది. మొదట మూడడుగుల మూడంగుళాలు అనుకున్నారు. దేశంలోకి మెట్రిక్ కొలతలు రాబోతున్నాయన్న లెక్కతో దాన్ని సరిగ్గా మీటరుకు సవరించారు. ఆ కొలతలు జనం వాడుకలోకి రావడానికి తొంభై ఏళ్లు పట్టింది, గేజి మాత్రం ముందే స్థిరపడిపోయింది. ఢిల్లీ–రేవాడి మీటర్ గేజి లైను 1873లో మొదలైంది.

ఎఫ్ ఇంజనుకు ఉన్నవి ఆరు చక్రాలే. ముందూ వెనకా బరువు మోసే చిన్న చక్రాలు లేవు. పక్కనున్న ఇనుప కడ్డీ మూడు ఇరుసులనూ జతకడుతుంది. పిస్టన్ తోసినప్పుడల్లా ఆరు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి, ఇంజను బరువంతా వాటి మీదే పడుతుంది కనుక పట్టాలపై పట్టు బాగా దొరుకుతుంది. బరువు లాగడానికి ఇది మంచి ఏర్పాటు. వేగం పెరిగితే మాత్రం ముందు దారి చూపే చక్రాలు లేని లోటు బయటపడుతుంది. అందుకే ప్రయాణికుల బళ్లకు ముందు నాలుగు చిన్న చక్రాలున్న ‘ఓ’ తరగతి ఇంజన్లు వాడారు.

తొలి ఇంజన్లు బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చాయి. 1895లో రాజపుతానా–మాల్వా రైల్వే కోసం అజ్మీర్ వర్క్‌షాపు ఎఫ్-734ను తయారు చేసింది. మరమ్మతుల కోసం పెట్టిన షాపులో పుట్టిన ఈ ఇంజనుకే ఇండియాలో తయారైన తొలి రైలింజనుగా పేరు పడింది.

తెలుగు నేల మీదికి మీటర్ గేజి లైన్లు వేర్వేరు వైపుల నుంచి వచ్చాయి. సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ చేరింది. నిజాం రాజ్యంలో హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా సాగింది. లింగంపల్లి మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ లైను మాత్రం 1874లో తెరిచిన నాటి నుంచీ బ్రాడ్ గేజే.

తర్వాత కాలంలో మీటర్ గేజి లైన్లు చాలావరకు బ్రాడ్ గేజికి మారిపోయాయి. ఎఫ్-734 ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.