విలియమ్‌సన్ యాంప్లిఫయరు నేర్పిన పాఠం

ధ్వని బాగుగా లేదనిపించినప్పుడు సంగీతప్రియులు ముందుగా అనుమానించేది లౌడ్‌స్పీకరును, ఆ తరువాత వాల్వులను. ఒకటి తీసి మరొక ఖరీదైనది పెట్టడమే యంత్రాన్ని మెరుగుపరచడమని పలువురి నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు సబబో తెలియడానికి 1947లో ఇంగ్లండులో వెలువడిన ఒక యాంప్లిఫయరు చరిత్రను పరిశీలించుదాము.

దాని బీజం అంతకు ఇరువది ఏండ్ల ముందే పడినది. అమెరికాలో బెల్ సంస్థ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్, దూరపు టెలిఫోను మార్గాలలో మాట వికృతమయ్యే చిక్కును గురించి ఎంతో కాలంగా ఆలోచిస్తున్నారు. 1927 ఆగస్టు 2న పనికి పోతూ హడ్సన్ నదిని పడవలో దాటుతుండగా ఉపాయం తోచినది. చేతిలోని వార్తాపత్రిక పుట మీదనే దానిని గీసికొన్నారు. యాంప్లిఫయరు నుండి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని వెనుకకు మళ్లించి, లోపలికి వచ్చే సంకేతంతో పోల్చి, తేడాను యంత్రమే దిద్దుకొనేటట్లు చేయడం ఆ ఉపాయం. దానికే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అని పేరు.

సూత్రం సులభమే. కాని ఇండ్లలో సంగీతం వినే యాంప్లిఫయర్లలో దానిని గట్టిగా ప్రయోగించబోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు అడ్డుపడేది. వాల్వులకు స్పీకరుకు నడుమ నిలిచే ఈ భాగంలో మిక్కిలి మంద్రమైన, మిక్కిలి తారమైన స్వరాలు వేళ తప్పుతవి. వేళ తప్పిన దిద్దుబాటు దోషాన్ని తగ్గించడానికి మారుగా పెంచుతుంది; యాంప్లిఫయరు తనంతట తానే ఊళ వేయనారంభిస్తుంది.

డి.టి.ఎన్. విలియమ్‌సన్ అనే యువ ఇంజనీరు ఈ మూలానికే పోయినారు. తీగచుట్టలను అనేక భాగాలుగా విభజించి, ఒకదాని నడుమ ఒకటి ఇమిడ్చిన ట్రాన్స్‌ఫార్మరును రూపొందించి, రెండు కేటీ 66 వాల్వులతో 15 వాట్ల యాంప్లిఫయరు నిర్మించినారు. దాని వికృతి నూటికి 0.1 వంతును మించలేదు. ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రిక 1947 ఏప్రిల్, మే సంచికలలో ఆ నిర్మాణ వివరాలను, ట్రాన్స్‌ఫార్మరు చుట్ల లెక్కతో సహా, ప్రకటించినది.

విద్యను దాచలేదు గనుకనే అది పెరిగినది. టోస్కానినీ నిర్వహించిన ఎన్.బి.సి. వాద్యబృందంలోని వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ సార్సర్, మెల్విన్ స్ప్రింకిల్‌తో కలిసి, 1949లో దానిని అమెరికాలో సులభంగా దొరికే 807 వాల్వులకు అనువుగా మార్చినారు. 1951లో హాఫ్లర్, కెరోస్ అనే ఇరువురు ట్రాన్స్‌ఫార్మరు చుట్ట మధ్యనుండి ఒక తీగను వాల్వు స్క్రీన్ గ్రిడ్‌కు కలిపే ‘అల్ట్రా లీనియర్’ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినారు. వికృతి పెరగకుండానే శక్తి హెచ్చినది. ఎందరో ఔత్సాహికులు ఇంటనే ఈ యంత్రాన్ని కట్టుకొన్నారు. అయితే ఖర్చుకు వెనుదీసి సామాన్యమైన ట్రాన్స్‌ఫార్మరును బిగించినవారికి మిగిలినది పాత ఊళయే.

నేడు చాలావరకు వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చినవి. అనేక యాంప్లిఫయర్లలో ఆ ట్రాన్స్‌ఫార్మరే లేదు. బ్లాక్ సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. ధ్వనితోనే నిత్యవ్యవహారమైన మేము శ్రోతలకు మనవి చేసేది ఒక్కటే: డబ్బు వెచ్చించే ముందు దోషం ఎక్కడ ఉన్నదో కనుగొనండి. బలహీనమైన భాగాన్ని విడిచి మిగిలినవన్నీ మార్చినా, వినిపించేది ఆ బలహీనతయే.