క్రిస్టా టీచర్ ఎక్స్‌కర్షన్

మొన్నామధ్య మా అక్క కొడుక్కి వీఆర్ హెడ్‌సెట్ తగిలించి అంతరిక్ష కేంద్రం లోపలంతా చూపించా. ఐదు నిమిషాల్లో తీసేశాడు. "మావయ్యా, ఏది నొక్కినా ఏమీ అవట్లేదు" అన్నాడు. రోజూ కోడ్ రాసి బతికేవాణ్ణి కదా, కాస్త గుచ్చుకుంది :)

క్లాసు రూములో కూర్చోబెట్టే పిల్లల్ని అంతరిక్షానికి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళాలన్న ఆలోచన ఈ హెడ్‌సెట్లతో పుట్టింది కాదు. ఒక టీచరమ్మ ఎప్పుడో వేసుకున్న ప్లాను అది.

ఒక టీచర్ని స్పేస్ షటిల్లో పంపుతామని 1984లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటిస్తే 11,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. 1985లో ఎంపికైంది క్రిస్టా మెకాలిఫ్. న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్ ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్. సైన్సు కాదు, గమనించండి. కక్ష్యలోంచి రెండు పాఠాలు లైవ్‌లో చెప్పాలని అనుకున్నారు. మొదటి పాఠం పేరుకి అర్థం చెప్పాలంటే "ఇంతకు మించిన ఎక్స్‌కర్షన్ లేదు" అని. షటిల్ అంతా తిప్పి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎలా తింటారో, ఎలా పడుకుంటారో చూపించడం. రెండోది, అసలు అంతరిక్షంలోకి ఎందుకు వెళ్ళాలన్న దాని మీద. ఇవి కాక కొన్ని చిన్న ప్రయోగాలు ఫిల్ము తీసుకుని రావాలి.

1986 జనవరి 28న, పైకి లేచిన 73 సెకన్లకి ఛాలెంజర్ ముక్కలైపోయింది. చలికి బూస్టర్ జాయింట్లోని రబ్బరు రింగు బిగుసుకుపోయి, వేడి వాయువుని ఆపలేకపోయింది. ఏడుగురూ పోయారు. తమలాంటి పిల్లలకి పాఠం చెప్పే టీచరు వెళుతోందని స్కూళ్ళలో టీవీల ముందు కూర్చున్న పిల్లలు చూసింది అది.

ఆ కుటుంబాలు విగ్రహం పెట్టించి ఊరుకోలేదు. కమాండర్ డిక్ స్కోబీ భార్య జూన్ కూడా టీచరే. ఆవిడా మిగతావాళ్ళూ కలిసి ఛాలెంజర్ సెంటర్ అని మొదలుపెట్టారు. మొదటిది 1988లో హ్యూస్టన్‌లో తెరిచారు. సగం మంది పిల్లలు మిషన్ కంట్రోల్‌లో, సగం మంది నమూనా వ్యోమనౌకలో. మధ్యలో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. ఏదో ఒక ఎమర్జెన్సీ వచ్చి పడుతుంది, రెండువైపులా మాట్లాడుకుని వాళ్ళే తేల్చుకోవాలి. ఇప్పటి గ్రాఫిక్సు లేని రోజుల్లోనే నొక్కితే ఏదో ఒకటి అయ్యేదన్నమాట!

క్రిస్టాకి బదులుగా శిక్షణ పొందిన బార్బరా మోర్గాన్ 21 ఏళ్ళు ఆగి 2007 ఆగస్టులో వెళ్ళారు. కక్ష్యలోంచి పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పారు. 2018లో జో అకాబా, రికీ ఆర్నాల్డ్ (ఇద్దరూ ఒకప్పటి టీచర్లే) క్రిస్టా అనుకున్న ప్రయోగాల్లో కొన్నిటిని అంతరిక్ష కేంద్రంలో చేసి వీడియో తీశారు.

ఈసారి హెడ్‌సెట్ పక్కన పెట్టి మావాడికి ఆ వీడియోలు చూపించా. నీళ్ళలో బుడగలు పైకి రాకుండా ఎక్కడివక్కడే ఉండిపోవడం చూసి, గ్లాసు కోసం వంటింట్లోకి పరిగెత్తాడు. ఇంట్లో ఉన్న ఈనో ప్యాకెట్లన్నీ అయిపోయాయి. అక్క ఫోన్ చేసి తిట్టింది, వాణ్ణి కాదు, నన్ను.